ఒంటికి పడలేదు

ఆ రోజుల్లో మా పెనుకొండలో కంప్యూటరు ముందు కూర్చున్న ప్రతివాళ్ళూ సాఫ్ట్‌వేరే. స్టేషన్లో రిజర్వేషన్ టికెట్లు కొట్టే ఆయనా సాఫ్ట్‌వేరే, జిరాక్స్ అంగట్లో పెళ్ళిపత్రికలు టైపు చేసే పిల్లా సాఫ్ట్‌వేరే. ఆ లెక్కలోనే నేనూ సాఫ్ట్‌వేరు అయిపోయాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, డిగ్రీ చేతికొచ్చి ఏం చేయాలో తోచక గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నప్పుడు, బెంగళూరులో ఒక శిక్షణా సంస్థ వాళ్ళు మెడికల్ కోడింగ్ నేర్పిస్తామని పేపర్లో ప్రకటన వేశారు. మూడు నెలలు నేర్చుకుంటే చాలు, ఏసీ గదిలో కుర్చీ వేసి కూర్చోబెడతామన్నారు. మా నాయన ఆ మాట నమ్మి నన్ను రైలెక్కించాడు. మూడు నెలలయ్యాక ఏసీ గదీ లేదు, ఆ సంస్థా లేదు (బోర్డు మాత్రం ఉండింది, పోయి చూసొచ్చాను). నాకు మిగిలింది ఇటుకరాయి మందాన ఒక కోడ్ల పుస్తకం, దానికి రెండింతల మందాన గర్వం. ఇప్పుడు తలచుకుంటే ఆ సంస్థ మీదకన్నా ఆ గర్వం మీదే నాకు ఎక్కువ ఒళ్ళు మండుతుంది.

కోడింగ్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. డాక్టర్లూ నర్సులూ రాసిన కాగితాలు చదివి, అందులోని ప్రతి రోగానికీ ప్రతి చికిత్సకీ పుస్తకంలో ఉన్న నంబరు వెతికి వేయడం. ఈ ముక్క మా అవ్వకు చెప్పబోతే, "కోడింగా? కోళ్ల పని నేర్చుకునేదానికి బెంగుళూరు దాకా పోవల్నామ్మే? ఈడ మన పక్క కోళ్ల ఫారాలు లేవా?" అంది. నాయన నా పక్షాన, "కోళ్లు కాదుమా, ఆస్పత్రిలో నంబర్లు వేసే పని" అని సర్దిచెప్పబోయాడు. "ఆస్పత్రికి నంబర్లేందిరా, బస్సులా?" అని అవ్వ ఆ మాటా అక్కడికక్కడే కొట్టేసింది. నాకు ఏడుపొచ్చినంత కోపం వచ్చింది. ఇంత చదువుకుని వస్తే ఇంట్లో ఇదా మర్యాద అనుకున్నాను.

చివరికి హిందూపురంలో ఒక నర్సింగ్ హోములో ఉద్యోగం దొరికింది. అప్పుడే ఫ్యాక్టరీల వాళ్ళు ఇన్సూరెన్సు కార్డులు పట్టుకుని రావడం మొదలైంది కాబట్టి, ఫైళ్ళు పద్ధతిగా ఉండాలని పెద్ద డాక్టరుగారికి ఆశ పుట్టింది. మెట్ల కింద ఒక బల్ల, తిరిగినప్పుడు తిరిగే ఒక ఫ్యాను, గేటు కనిపించే ఒక కిటికీ నాకు ఇచ్చారు. రోజూ పెనుకొండలో ప్యాసింజరు ఎక్కి, ఒళ్ళో ఆ ఇటుకరాయి పెట్టుకుని వెళ్ళేదాన్ని. ఎవరైనా అడిగితే సంతోషంగా "కోడింగ్" అని చెప్పేదాన్ని. నేను వేసే కోడ్లలో సగం ఉచ్చసంచుల మీదే అని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అదేమిటో చెప్పాలి. మూత్రం దానంతట అది రాని వాళ్ళకు సన్నటి రబ్బరు పైపు లోపలికి వేసి, చివర ఒక సంచి తగిలిస్తారు. కొందరికి అది నాలుగు రోజుల చుట్టం, కొందరికి జన్మంతా తోడు. జన్మంతా ఉండే పైపు అయితే నెలనెలా మార్చాలి, లేకపోతే లోపల సున్నం పట్టినట్టు పట్టి మూసుకుపోతుంది. అలాంటి వాళ్ళ ఫైల్లో నాలుగు సంగతులు ఉండి తీరాలని నాకు నేర్పారు: పైపు ఎందుకు వేశారు, ఎప్పుడు వేశారు, ఎప్పుడు మార్చారు, ఎందుకు తీసేయలేదు. పైపు ఉండటానికి ఒక నంబరు, మార్చినందుకు ఇంకో నంబరు, దానివల్ల చిక్కులొస్తే వేరే నంబర్లు. మరి మా నర్సింగ్ హోములో ఏం రాసేవాళ్ళు? సోమవారం: "పైపు ఉండాది." మంగళవారం: "పైపు ఉండాది." పది పేజీలు తిప్పినా పైపు ఉండాది, అంతే. పొయ్యి మీద పాలు ఉన్నాయన్నట్టు రాస్తే నేను ఏ నంబరు వేసేది?

ఇది అడగడానికి పెద్ద సిస్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమెది మడకశిర పక్క పల్లె. ఇరవై ఏళ్ళుగా అక్కడే పనిచేస్తూ, పెద్ద డాక్టరుగారికి కూడా "మీరు భోంచేసి రాపోండి సార్" అని ఆజ్ఞలిచ్చే మనిషి. నేను నాలుగు సంగతుల గురించి గుక్క తిప్పుకోకుండా ఉపన్యాసం ఇచ్చాక ఆమె నా మొహం వంక జాలిగా చూసి, "ఏమ్మా పాపా, పైపు యాడ ఉండాదో కండ్లకు కనపడ్తాండ్లా? సంచి నిండితే వంచుతాము, మూసుకుంటే మారుస్తాము. దీనికి కతలు రాయల్నా?" అంది. కతలట! నేను ఆవేశంగా నా మెట్ల కిందికి వచ్చి, తొమ్మిది నిబంధనలతో ఇంగ్లీషులో ఒక నోటీసు తయారుచేసి వార్డు గోడకు అంటించాను. మర్నాడు చూస్తే దాని కింద పెన్సిలుతో తెలుగులో ఎవరో ఇలా రాశారు: "పదవది: నంబర్ల పాపకు పైపు వేయాల." ఆ అక్షరాలు సిస్టరమ్మవేనని నాకు గట్టి అనుమానం. ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడటం మానేశాను. (ఆమె ఆ సంగతి గమనించలేదని చాలా రోజుల తర్వాత తెలిసింది. అది ఇంకా కోపం తెప్పించింది.)

అప్పుడే మగ్గం తాత వచ్చాడు. ధర్మవరంలో యాభై ఏళ్ళు మగ్గం గుంతలో కూర్చుని పట్టుచీరలు నేసిన మనిషి. ప్రోస్టేటు వాచి మూత్రం ఆగిపోయింది, గుండె బలహీనంగా ఉందని ఆపరేషన్ చేయలేదు. అందుకని జన్మంతా పైపే. ఆ సంచి నలుగురికీ కనబడకూడదని చీరల అంగడి గుడ్డసంచిలో పెట్టి, మూత్రం వెనక్కి పోకూడదు కాబట్టి, దాన్ని భుజానికి కాకుండా నడుముకన్నా కిందికి వేలాడేలా చేతికి తగిలించుకుని తిరిగేవాడు. రైల్లో ఒకామె "ఏమప్పా, ధర్మవరం చీరలా? ఒకటి చూపీ" అని అడిగిందట. "ఇది అమ్మేది కాదమ్మా, సొంతానికి" అన్నాడట. ఈ కథ ఆయనే వార్డు మొత్తానికి చెప్పి నవ్వించాడు. నేను నవ్వలేదు, ఫైల్లో పైపు వేసిన తేదీ లేదని మండిపడుతున్నాను.

రెండో నెల ఆయన వచ్చినప్పుడు, పైపు లేకుండా మూత్రం వస్తుందేమో చూద్దామని పెద్ద డాక్టరుగారు ఒక పూట తీయించారు. ఆ సాయంత్రం ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. తెరిచి చూసి నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. సిస్టరమ్మ, నా నోటీసు పుణ్యమా అని, మొదటిసారి "పైపు ఉండాది" దాటి మూడు వాక్యాలు రాసింది: "పైపు తీసి చూసినాము. ఒంటికి పడలేదు. మళ్లీ వేసినాము."

మొదటి వాక్యం చదివి మురిసిపోయాను. రెండోది చదివి అదిరిపోయాను. మూడోది చదివేసరికి రక్తం మరిగిపోయింది. ఒంటికి పడలేదట, మళ్ళీ వేశారట! మా ఇంట్లో ఒంటికి పడకపోవడం అంటే ఏమిటో నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మా అవ్వకు వంకాయ ఒంటికి పడదు, గోంగూర ఒంటికి పడదు, మా చిన్నత్త అయితే అసలే ఒంటికి పడదు. వంకాయ తిన్న రోజు ఆమె ఒళ్ళంతా దద్దుర్లు లేవడం కళ్ళారా చూసినదాన్ని. అంటే ఈ ముసలాయనకు రబ్బరు పైపు పడలేదు, ఎలర్జీ వచ్చింది, అది తెలిసీ ఈ మహాతల్లి మళ్ళీ అదే పైపు వేసింది! సిస్టరమ్మ పది అడుగుల దూరంలోనే ఉంది, దూదికట్టలు కత్తిరించుకుంటూ. లేచి వెళ్ళి "ఇదేమిటక్కా" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. మాటలు లేవు కదా, ఎలా అడుగుతాను? పుస్తకం తీసి ఎలర్జీ నంబరు వెతికి వేశాను. ఫైలు మీద ఎర్ర కాగితం అంటించాను. తాత ఇంటికి తీసుకుపోయే కార్డు మీద ఎర్ర సిరాతో, పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో, ఈ మనిషికి రబ్బరు పైపు పడదని రాసి రెండు గీతలు గీశాను. పెద్ద డాక్టరుగారు చదవకుండా సంతకం పెట్టేశారు (దీనికి నాకు ఇప్పటికీ కోపమే. చదవాల్సిన వాళ్ళు చదవరు, చదివినవాళ్ళు నాలాగా చదువుతారు). ఆ సాయంత్రం ప్యాసింజర్లో ఒక ప్రాణం కాపాడిన దానిలా ఠీవిగా కూర్చున్నాను.

నెల తిరిగింది. ఆ రోజు మధ్యాహ్నం భోజనాల వేళ వార్డు బయట బల్ల దగ్గర పెద్ద గలాటా వినిపించింది. పోయి చూస్తే మగ్గం తాత. మొహం పీక్కుపోయి, చెమటలు కారిపోతూ, కడుపు కుండలా ఉబ్బి, కూర్చోలేక నిలబడలేక బల్ల పట్టుకుని వంగి ఉన్నాడు. చేతిలోని చీరలసంచి ఖాళీగా వేలాడుతోంది. పైపు మూసుకుపోయింది. పక్కన ఆయన కూతురు, మా కొత్త డాక్టరును పట్టుకుని అరుస్తోంది.

"పొద్దున ఏడు నుంచి తిరుగుతాండాము సార్! ఇంత దూరం ఎందుకులే అని ధర్మవరంలోనే ఒక ఆస్పత్రికి పోతే, ఈ కార్డు చూసి మేము వెయ్యమన్నారు. పెనుకొండలో దిగి ఇంకోకాడికి పోతే, ఎర్రక్షరాలు ఉండాయి, మాకొద్దు తల్లీ, వేసిన కాడికే పోండి అనిరి. ఈడికొస్తే మీరూ అదే మాట!"

కొత్త డాక్టరు వారం కిందటే చేరినవాడు. "ఫైల్లో ఎలర్జీ అని ఉంటే నేనెలా వేసేదమ్మా? బెంగళూరు నుంచి వేరే రకం పైపు తెప్పించాలి" అంటున్నాడు. ఆ మాటకు తాత వంగినవాడు వంగినట్టే తలెత్తి, పళ్ళ బిగువున అన్నాడు: "ఏమప్పా డాక్టరూ, ఇప్పుడు లోపల ఉండేది కూడా రబ్బరుదే కదా! అది పడనోన్నయితే ఇన్ని దినాలు ఎట్ల బతికినా నేను? ఎవుడప్పా రాసింది ఇది?"

ఆయన బాధ చూసి నాకు గుండె తరుక్కుపోయింది. అక్కడితో ఊరుకుంటే నేనెందుకవుతాను? ఫైలు తీసుకుని అందరి మధ్యకూ దూసుకుపోయాను. అప్పుడే ఇంజెక్షన్ల గది నుంచి చేయి తుడుచుకుంటూ వచ్చిన సిస్టరమ్మ ముందు నిలబడి, రెండు నెలల మౌనం ఒక్కసారి బద్దలు కొట్టాను. "చూడండి, మీ నిర్లక్ష్యం వల్ల ఈ పెద్దాయన పొద్దుటి నుంచి మూడు ఊళ్ళు తిరిగాడు! పడదని తెలిసి కూడా అదే పైపు మళ్ళీ ఎందుకు వేశారు? మనిషి ప్రాణమంటే లెక్క లేదా?" అన్నాను. నా గొంతు నాకే గంభీరంగా వినిపించింది. రోగుల బంధువులు కొందరు తలలు కూడా ఊపారు.

సిస్టరమ్మ కంగారు పడలేదు. "ఎవరు చెప్పినారు పడదని?" అంది.

"మీరే రాశారు!" అని ఫైలు తెరిచి, వార్డు అంతా వినబడేలా చదివాను. "పైపు తీసి చూసినాము. ఒంటికి పడలేదు. మళ్లీ వేసినాము."

సిస్టరమ్మ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. తాత కూతురు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తాతే ముందుగా తేరుకున్నాడు. ఒక చేత్తో బల్ల పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి, ఒకటో తరగతి పిల్లవాడిలాగా చిటికెన వేలు నా మొహం ముందు ఆడించాడు.

"ఒంటికి పడలేదంటే, ఒంటికి పడలేదు అని కదమ్మా! ఇదీ, ఇది! పైపు తీస్తే నాకు ఒంటికి రాలేదు, అందుకే మళ్లా వేసిరి. ఇంత దుడ్లు పోసి చదువుకుంటివి, ఒంటికి అంటే తెలీదా నీకు? మీ ఇంట్లో ఎవరూ పోరా?"

భూమి బద్దలై నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. తెలియకపోవడం ఏమిటి! బడిలో రోజుకు నాలుగుసార్లు అదే వేలు చూపించి "సార్, ఒంటికి" అని అడుక్కుని పరిగెత్తిన పిల్లను నేను. డిగ్రీ దాకా గుర్తున్న మాట, మూడు నెలల కోర్సులో ఎలా చెరిగిపోయిందో! చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు నన్ను చూసే అని ఉంటారు. నిబంధనలు తొమ్మిది రాసినదాన్ని, పది అడుగులు నడిచి ఒక్క మాట అడగలేకపోయాను. నా పొగరుకు పొద్దుటి నుంచీ నరకం పడింది మాత్రం ఆ ముసలాయన.

సిస్టరమ్మ నా చేతిలోంచి ఫైలు తీసి బల్ల మీద పడేసింది. "కతలు తర్వాత" అని తాతను లోపలికి నడిపించుకుని పోయింది. కాసేపట్లోనే తెర వెనక నుంచి "అబ్బా... అమ్మా... స్వామీ..." అని తాత విడిచిన నిట్టూర్పు వినిపించింది. అంత సుఖంగా ఒక మనిషి దేవుణ్ణి తలచుకోవడం నేను గుళ్ళో కూడా వినలేదు. నేను గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాను. గోడకు తొమ్మిది నిబంధనలూ, పదోదీ అలాగే ఉన్నాయి. పదోది న్యాయమైనదేనని అప్పుడు ఒప్పుకున్నాను.

మంచం మీద తేరుకున్నాక తాత నన్ను పిలిపించాడు. తిడతాడని వెళితే కార్డు నా చేతిలో పెట్టి, "ఈ ఎర్ర మాట కొట్టేయి. ఈడ కొట్టేస్తే చాలదు. ధర్మవరంలో, పెనుకొండలో కూడా పుస్తకాల్లో ఎక్కించుకున్నారు. రేపు నాకు ఏమన్నా అయి ఆడికి పోతే మళ్లా తరుముతారు. నువ్వు రాసిన మాట నువ్వే పోయి తీసెయ్యల్ల" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, భయం ఉంది. కోపమే నయమనిపించింది.

మర్నాడు పెద్ద డాక్టరుగారి సంతకంతో (ఈసారి దగ్గరుండి చదివించాను) ఉత్తరం పట్టుకుని బయలుదేరాను. ధర్మవరంలో కౌంటరు దగ్గరున్న ఆయన ఉత్తరం చదివి, "ఎలర్జీ కాదంటారు, మరి అట్లెట్ల రాసినారు?" అని అడిగాడు. చెప్పక తప్పలేదు. చిటికెన వేలు ఎత్తి మరీ చెప్పాల్సి వచ్చింది. ఆయన లోపలున్న వాళ్ళను పిలిచి నాచేత మళ్ళీ చెప్పించాడు. పెనుకొండలో అయితే గోరుచుట్టు మీద రోకలిపోటు. అక్కడి నర్సమ్మ మా వీధి చివర ఇంటామే. నేను రైలు దిగి ఇంటికి చేరేలోపల సంగతి నాకన్నా ముందు చేరింది. అరుగు మీద కూర్చున్న అవ్వ నన్ను చూసి, "నేను ఆ పొద్దే చెప్తినా లేదా, కోళ్ల పనే నయమని" అంది. నాయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పేపరు ఊగుతూనే ఉంది.

ఆ తర్వాత ఫైళ్ళు మారాయి. నేను రోజూ ఇంత సేపు వార్డులో స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. సిస్టరమ్మ పని చేసుకుంటూ తన మాటల్లో చెప్పేది, అర్థం కానిది అడిగి నేను రాసేదాన్ని. ఎందుకు వేశారు, ఎప్పుడు మార్చారు, ఎందుకు తీయలేదు, అన్నీ ఆమె తలలో తేదీలతో సహా ఉన్నాయి. అన్నాళ్ళూ కూర్చుని అడిగినవాళ్ళు లేరు, అంతే. మగ్గం తాత నెలనెలా వచ్చేవాడు. గేటు దాటగానే నా కిటికీ వైపు తిరిగి, చీరలసంచి ఉన్న చెయ్యి కిందికి దించి, రెండో చేతి చిటికెన వేలు పైకెత్తి చూపించేవాడు. అంతా సవ్యంగా పడుతోందని దానర్థం. నేను సిగ్గుతో చచ్చిపోతూ తల వంచుకునేదాన్ని. నాలుగేళ్ళు అలా చూపించాడు. తర్వాత ఒక నెల ఆయన కూతురు ఒక్కతే వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. "పైపు మాత్రం చివరి దాకా ఇబ్బంది పెట్టలేదు. ఇది మీకే ఇమ్మన్నాడు" అని కార్డు ఇచ్చింది. ఎర్ర అక్షరాలు, వాటిని కొట్టేసిన నా గీత, పక్కన నా సంతకం.

ఇప్పుడు నన్ను అందరూ మేడమ్ అంటారు. కొత్తగా చేరే పిల్లలకు కోడింగ్ నేర్పిస్తాను. మొదటి రోజు పుస్తకాలు మూయించి, మీ ఇళ్ళల్లో ఒంటికి పోవడాన్ని ఎవరెవరు ఏమంటారో చెప్పమంటాను. ఈమధ్య బత్తలపల్లి నుంచి వచ్చిన ఒక పిల్ల ఇటుకరాయిలాంటి పుస్తకం గుండెకు హత్తుకుని లేచి నిలబడింది. "మేడమ్, మేము కోడింగ్ నేర్చుకునేదానికి వచ్చినాము, ఇట్లాంటివి మాట్లాడేదానికి కాదు" అంది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. నాకు ముందు ఒళ్ళు మండింది, తర్వాత ఆ ముక్కు ఎక్కడో చూసినట్టే అనిపించింది. మెట్ల కింద, తిరిగినప్పుడు తిరిగే ఫ్యాను కింద కూర్చుని ఉండేది ఆ ముక్కు.

నా పాత పుస్తకంలో దాచుకున్న కార్డు తీసి ఆమె చేతికిచ్చి, సిస్టరమ్మ రాసిన మూడు వాక్యాలూ బోర్డు మీద రాశాను. దీనికి ఏ నంబరు వేస్తావమ్మా అన్నాను. బోర్డు చూసింది, కార్డు చూసింది, పెదవులు కదిలిస్తూ మళ్ళీ బోర్డు చదివింది. ఉన్నట్టుండి ఆ పిల్ల కుడిచేతి చిటికెన వేలు తనంతట తానే పైకి లేచింది. క్లాసంతా ఘొల్లుమంది. నేను అలవాటుగా తల వంచుకోబోయి, ఆగి, ఈసారి నా వేలు కూడా ఎత్తి చూపించాను.